చెన్నపట్టణమున అతిథులమై

సముద్రతీరమున వెలసిన మహానగరములలో పెక్కింటికి సముద్రమే పురుడు పోసినది. కొండకొమ్మొకటి నీటిలోనికి చొచ్చుకొని వచ్చి నౌకలకు చాటు కల్పింపగా, ఆ చాటున వర్తకులు చేరి, వర్తకుల వెంట నానావృత్తులవారు చేరి, కాలక్రమమున పురము పెరుగుట సాధారణముగా కనవచ్చు క్రమము. చెన్నపట్టణమునకు అట్టి భాగ్యము లేదు. అక్కడి తీరము నూలు పట్టి గీచినట్లు తిన్నగా సాగిపోవును. కూవము, అడయారు అను రెండు చిన్న నదులున్నను వాని ముఖద్వారములు ఇసుకతో పూడిపోవుచుండును. గాలికి అడ్డము నిలుచు గుట్ట యొక్కటియు లేదు. కెరటములు మాత్రము ఒకదాని వెనుక నొకటిగా విరుచుకొని పడుచుండును. అట్టి చోట 1639లో ఆంగ్లేయ కంపెనీ ఉద్యోగియైన ఫ్రాన్సిస్ డే, దామెర్ల వేంకటాద్రి నాయకునివలన కొంత నేల సంపాదించి, వర్తకశాల కట్టుటకు పూనుకొనెను. ఆ నాయకుడు విజయనగర ప్రభువులకు సామంతుడు, తెలుగువాడు. తన తండ్రి చెన్నప్ప నాయకుని పేర ఆ పట్టణము వెలయవలెనని కోరినవాడు.

ఆనాడు తూర్పుతీరమున ఆంగ్లేయులకు మచిలీపట్టణమునను, దుగరాజపట్టణమునను స్థావరములు కలవు. అనగా చెన్నపట్టణపు చరిత్ర మన తీరమునుండియే దక్షిణమునకు నడచి వచ్చినదనవచ్చును. వచ్చినవారికి కెరటముల బాధ మాత్రము తప్పలేదు. ఓడలు దూరముగా లంగరు వేసికొని నిలువగా, దొరలును, దొరసానులును, సరకుల మూటలును మసూలా పడవలలోనికి దిగి ఒడ్డు చేరవలసి వచ్చెడిది. ఆ పడవలలో ఇనుప మేకు ఒక్కటియు ఉండదు. పలకకు పలకను కొబ్బరిపీచు త్రాటితో కుట్టి చేయుదురు. మేకులతో బిగించిన పడవ కెరటపు దెబ్బకు పగులును. కుట్టిన పడవ దెబ్బకు వంగి మరల నిక్కును. విదేశపు నౌకాశాస్త్రమంతయు చేతులు ముడుచుకొని నిలిచిన చోట, బెస్తవారి కుట్టుపని ఒక నగరమును పోషించినది. రేవు కట్టువరకును, ఇంచుమించు రెండున్నర శతాబ్దముల పాటు, సముద్రమార్గమున మదరాసు చేరిన ప్రతి మనుష్యుడును ఆ త్రాటికి ఋణపడినవాడే.

పందొమ్మిదవ శతాబ్దపు చివరి పాదమున రాతిగోడలను సముద్రములోనికి నడపి కృత్రిమముగా రేవు కట్టిరి. 1881 నాటి తుపాను వానిని ఛిద్రము చేసినను విడువక మరల కట్టిరి. ఈ తీరమున ఇసుక దక్షిణమునుండి ఉత్తరమునకు నడచుచుండును. రేవుగోడ ఆ నడకకు అడ్డుపడినది. ఆగిన ఇసుక దక్షిణమున పేరుకొని పేరుకొని, పూర్వము రహదారి చెంతకు వచ్చుచుండిన సముద్రమును వెనుకకు నెట్టినది. నేడు సుమారు 6 కిలోమీటర్ల పొడవున లోకప్రసిద్ధమైయున్న మెరీనా ఇసుకతిన్నె అట్లు పెరిగినదే. గవర్నరు గ్రాంట్ డఫ్ అచ్చట విహారమార్గము వేయించి, సిసిలీ ద్వీపపు జ్ఞాపకముతో దానికా పేరు పెట్టెను. ఉత్తరమున మాత్రము, రావలసిన ఇసుక రాకపోవుటచేత, రాయపురము మొదలగు పల్లెల ఒడ్డును సముద్రము కోసివేయుచు వచ్చినది. దక్షిణమున విహారభూమి, ఉత్తరమున కూలిన గుడిసెలు: రెండును ఒకే గోడ చేసిన పనులు. మెరీనాలో షికారు చేయువారు ఉత్తరదిక్కునకు ఒకసారి దృష్టి సారింపవలెనని నా మనవి.

తెలుగువారు చెన్నపట్టణమునకు పోని దినము లేదు. సెంట్రల్ స్టేషనులో తెల్లవారుజామున దిగు జనమును చూచినచో, వైద్యమునకై వచ్చినవారు కొందరు, పెండ్లి పట్టుచీరెలకై వచ్చినవారు కొందరు, వీసా పనిమీద కాగితముల సంచితో వచ్చినవారు కొందరు. పని ముగిసిన సాయంకాలము బీచిలో ఒక గంట కూర్చుండి, రాత్రి బండికి మరలుదురు. నగరమును చూచుటకే పోవువారు అరుదు. మా దంపతులము ధనుర్మాసమున, వేరే పని యేదియు పెట్టుకొనక, చూచుటకే పోయితిమి. ఈశాన్య ఋతుపవనము వెనుకపట్టు పట్టి, ఎండ ఇంకను ముదరక, గాలి సుఖముగా వీచు కాలమది. పైగా నగరమంతయు సంగీతముతో నిండియుండు మాసము. పోవువారెవరైనను ఆ రోజులలోనే పొండని చెప్పుదును.

మొదటి ఉదయము దీపస్తంభమునొద్దకు పోవుట మంచిది. ఎఱ్ఱని తెల్లని పట్టెలతో మూడు పలకలుగా నిలిచిన ఈ స్తంభము 1977 నాటిది. దీనికి పూర్వము హైకోర్టు గోపురమే దీపస్తంభముగా ఉండెడిది. లిఫ్టు ఎక్కి పైవరండాలో నిలుచున్నచో నగరపు జాతకమంతయు పరచిపెట్టినట్లుండును: ఉత్తరమున రేవు, క్రింద ఇసుకతిన్నె, దాని వెంబడి కాలేజీలును విశ్వవిద్యాలయమును, దక్షిణమున సాంతోము చర్చి శిఖరము, దాని వెనుక మైలాపురపు కపాలీశ్వరుని గోపురము. ఈ కపాలీశ్వరాలయము పూర్వము సముద్రపుటొడ్డుననే ఉండెననియు, పోర్చుగీసువారి కాలమున అది నశింపగా లోపలికి జరిపి మరల కట్టిరనియు ప్రతీతి. పైనుండి చూచునప్పుడు చర్చియు గుడియు ఇరుగుపొరుగులవలె కనబడును. ఇరుగుపొరుగుల మధ్య పాత తగవులుండుటయు లోకసహజమే కదా.

సాయంకాలము ఇసుకలో బఠాణీల గుగ్గిళ్లు అమ్మువాడు వచ్చును. పచ్చిమామిడి తురుము, కొబ్బరి తురుము, పోపులో వేగిన కరివేపాకు వేసి, కాగితపు పొట్లములో పోసి ఇచ్చును. దానిని సముద్రపుగాలిలో నిలువుననే తినవలెను గాని ఇంటికి తెచ్చుకొని తిన్నచో ఆ రుచి రాదు. సముద్రస్నానము మాత్రము మెరీనాలో కూడదు. నీరు హఠాత్తుగా లోతగును, లోపలి లాగుడు బలమైనది. ఏటేట ప్రాణములు పోవుచున్నవి. పోలీసువారు వారించినప్పుడు వారితో వాదింపక వెనుకకు వచ్చుట బుద్ధిమంతుల లక్షణము.

సెయింట్ జార్జి కోటను గూర్చి ఇచ్చట విస్తరించి వ్రాయను. 1680లో ప్రతిష్ఠ జరిగిన సెయింట్ మేరీ చర్చి, మ్యూజియములోని పాత ఫిరంగులు, నాణెములు చూడదగినవే. రాబర్టు క్లైవు పెండ్లియాడినది ఆ చర్చిలోనే. కాని తెలుగు యాత్రికునకు ఉన్న కాలము స్వల్పమైనచో, ఆ పూటను కూడ ఎగ్మూరునకే ధారపోయుమందును.

ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియము 1851లో స్థాపింపబడినది. శుక్రవారము సెలవు. తిరువెంగాడు అర్ధనారీశ్వరుని, తిరువాలంగాడు నటరాజును చూచుటకు దేశదేశములనుండి వచ్చువారు తిన్నగా కంచువిగ్రహముల శాలకు పోవుదురు, పోవలసినదే. మేము మాత్రము ముందుగా అమరావతి శిలల శాలలో ప్రవేశించితిమి. గుంటూరువారము గనుక ఆ తొందర మాకు సహజము.

ఆ శిలలు ఇచ్చటికి వచ్చిన వృత్తాంతము దీర్ఘమైనది. పద్దెనిమిదవ శతాబ్దపు చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు అమరావతిలో తమ రాజధాని కట్టుకొనుచున్న కాలమున, ఊరి ప్రక్కనున్న దిబ్బను కట్టడపు రాళ్లకై త్రవ్వుచుండగా అపూర్వశిల్పములు బయల్పడినవి. కర్నల్ మెకంజీ ఆ వార్త విని 1797లో వచ్చి చూచి, మరల 1816లో తన చిత్రకారులతో వచ్చి వానిని శ్రద్ధగా గీయించెను. ఆ మెకంజీకి కుడిభుజములై దేశమంతట తిరిగి కైఫీయతులు సేకరించిన కావలి సోదరులు, బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి, మన తెలుగువారే. 1845లో వాల్టరు ఎలియట్ త్రవ్వించిన శిలలు మదరాసు చేరి, కొంతకాలము ఎండకు ఎండి వానకు తడిసి, వానిలో పెక్కు ఓడనెక్కి లండను పోయినవి. అవి నేటికిని బ్రిటిష్ మ్యూజియములోనే యున్నవి. తర్వాతి త్రవ్వకములలో దొరకినవి పెక్కు మదరాసున నిలిచినవి. మహాచైత్యము నిలిచిన చోట మనకు నేడు మిగిలినది మట్టిదిబ్బ, కొన్ని రాళ్లు. తలచుకొన్నప్పుడు గుండె బరువెక్కుట సహజమే. ఐనను, సున్నపుబట్టీలకు పోయిన రాళ్ల మాట తలచినచో, ఇచ్చట గోడనుబట్టి నిలిచిన రాతిని చూచి చేతులు జోడింపక తప్పదు.

ఈ శిలలలో నలగిరి పతకము అందరును ఎరిగినది. రాజగృహములో దేవదత్తుడు బుద్ధునిమీదికి మదపుటేనుగును తోలించిన కథ అందు చెక్కబడియున్నది. గుండ్రని పలకలో ఎడమప్రక్క ఏనుగు వీధిలో చెలరేగి జనమును చిందరవందర చేయుచున్నది. ఒక స్త్రీ భయముతో ప్రక్కనున్న పురుషుని కౌగిలించుకొన్నది. మేడకిటికీలనుండి తలలు వంచి చూచువారు చూచుచున్నారు. కుడిప్రక్క అదే ఏనుగు మోకాళ్లమీద వంగి, భిక్షువులతో నిలిచియున్న బుద్ధుని పాదములకడ తలవంచినది. మేము చాలసేపు దాని యెదుట నిలిచితిమి. నేను కథనే చూచుచుంటిని. మా ఇంటావిడ ఏనుగు వెనుకభాగమును చూచుచుండెను.

“ఏమండీ, తోక చూశారా? ఆ ఉరుకుతున్న ఏనుగుకు తోక లేచి ఉంది, ఈ వంగినదాని ఒళ్లంతా వదులైపోయింది. చెక్కినవాడు మావటీలతో తిరిగినవాడే అయ్యుంటాడు.”

ఆమె మాట విన్నమీదట నేను మరల చూచితిని. కోపముననున్న మృగపు వీపు బిగువును, లొంగిన మృగపు వీపు వాలును, పలనాటి సున్నపురాతిలో ఒకే పలకమీద, జానెడు దూరములో చూపగలిగిన శిల్పి మన కృష్ణాతీరమువాడు, సుమారు పద్దెనిమిది వందల యేండ్ల క్రిందటివాడు, పేరు తెలియనివాడు. అతనిని చూచుటకు మనము గుంటూరునుండి చెన్నపట్టణమునకు రావలసి వచ్చుట విధివిలాసమని కొందరు విచారింతురు. నేను విచారింపను. ఆ శాలలో మాతోపాటు బడిపిల్లలు బారులు తీరి వచ్చిరి. వారి ఉపాధ్యాయిని అరవములో ఏనుగు కథ చెప్పుచుండెను. పిల్లలు నోరు తెరచి వినుచుండిరి. మన శిల్పి మాట ఇంకొక ఇంట పిల్లలకు పాఠమగుచుండగా, ఆ ఇంటిని తప్పుపట్టుటకు నాకు నోరు రాలేదు. మన సొత్తు అని పేర్కొనుచు అక్కడికి పోరాదు. మన సొత్తును ఆదరించిన ఇంటికి అతిథులమై పోవలెను.

మ్యూజియము ఆవరణలోనే 1896లో తెరచిన కన్నెమరా గ్రంథాలయమున్నది. దేశమున అచ్చగు ప్రతి పుస్తకమును చేరవలసిన నాలుగు గ్రంథాలయములలో ఇది యొకటి. కావున మన తెలుగు పుస్తకములును ఇచ్చటికి వచ్చుచుండును. పాతభవనపు చెక్కడపు పైకప్పును, రంగుటద్దములును చూడదగినవి.

మైలాపురమును కాలినడకను చూడవలెను. కపాలీశ్వరుని కోనేటిచుట్టు ఉన్న వీధులలో పూలదండలు, ఇత్తడి సామగ్రి, ఉదయపు పొంగలి, గాజుగ్లాసులో నురుగు పొంగు కాఫీ. నడచుచున్నకొలది కాలు ముందుకు సాగదు. అక్కడినుండి లజ్ వైపు పోయినచో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేర ఒక ఉద్యానము కలదు. అమృతాంజనముతో ఆర్జించిన ధనమును పత్రికకును, గ్రంథములకును, దీనులకును వెచ్చించిన ఆ మహనీయుడు ఆంధ్రపత్రికను 1914లో ఈ నగరమునుండియే దినపత్రికగా వెలువరించెను. పత్రికకు ఆరుమాసములైనను నిండకమునుపే, ఆ సెప్టెంబరు 22 రాత్రి, ఎమ్డెన్ అను జర్మను నౌక తీరమునకు వచ్చి చమురు తొట్లమీద గుండ్లు కురిపించి నగరమును గడగడలాడించినది. హైకోర్టు ప్రహరీనొద్ద దానికి గుర్తుగా ఒక ఫలకమున్నది. 1937లో కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చుండి ఒడంబడిక చేసికొన్నది కూడ పంతులుగారి శ్రీబాగ్ భవనములోనే.

రాయపేట హైరోడ్డుమీద బులుసు సాంబమూర్తిగారి ఇల్లుండిన చోట పొట్టి శ్రీరాములుగారి స్మారకభవనమున్నది. 1952 అక్టోబరు 19న నిరాహారదీక్షకు కూర్చుండి, డిసెంబరు 15 రాత్రి ఆయన ప్రాణములు విడిచినది అచ్చటనే. మదరాసు మనదే అను కేక ఆనాడు ఆంధ్రదేశమంతట మారుమ్రోగినది. మరుసటి యేట అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము మదరాసు లేకయే ఏర్పడినది. ఆ కాలపు వేడిని అనుభవించినవారి బాధను నేను చులకన చేయను. కాని అరవదేశపు రాజధాని నడిబొడ్డున, ఎవరికిని అడ్డులేక, ఆ త్యాగమూర్తికి స్మారకము నిలిచియున్నది. యాత్రికుల బస్సులు అక్కడ ఆగవు. మనము ఆగవలెను.

తక్కినవానిని త్వరగా చెప్పెదను. త్యాగరాయనగరు చీరెల అంగళ్లకు పోవువారు, ఆ పేటకు పేరైన పిట్టి త్యాగరాయ చెట్టిగారును, అక్కడి పార్కునకు పేరైన పానగల్లు రాజావారును మన భాషవారేయని పిల్లలకు చెప్పుట మంచిది. వడపళనిలో విజయా-వాహినీ స్టూడియోల చోట నేడు ఆసుపత్రియు, అంగళ్ల సముదాయమును ఉన్నవి. 1947 జూలైలో మొదలైన చందమామకు చిరకాలము ఆ వడపళనియే ఇల్లు. అడయారులో దివ్యజ్ఞానసమాజపు వనమున్నది. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని బాలుడుగా 1909లో లెడ్‌బీటరు గుర్తించినది అక్కడి సముద్రపుటొడ్డుననే. దాని సువిశాలమైన మఱ్ఱికి మూలకాండము 1989 గాలివానకు కూలినను, ఊడలు నేలనంటి స్తంభములై చెట్టును బ్రతికించుకొన్నవి.

ఇక సభల మాట. డిసెంబరు నడిమినుండి సంక్రాంతికి కొంచెము ముందువరకు చెన్నపట్టణమున ఉదయము మొదలు రాత్రివరకు ఏదో యొక సభలో కచేరి జరుగుచుండును. సాయంకాలపు ప్రసిద్ధ గాయకుల కచేరీలకు టిక్కెట్లు దొరకుట కష్టము. మధ్యాహ్నమున వర్ధమాన గాయకులు పాడు కచేరీలు పెక్కు ఉచితము. తెలుగువారు ఈ మధ్యాహ్నములను విడువరాదని నా నిశ్చయము. పాడువారు అరవవారు, వినువారు అరవవారు, సభాభవనము చల్లగా చీకటిగా ఉండును. గొంతు విప్పినంతనే వచ్చునది త్యాగరాజస్వామి తెలుగు. 1847లో తనువు చాలించిన ఆ మహానుభావుడు ఈ నగరపు పొలిమేరలకు వచ్చినవాడే. శిష్యుడు వీణ కుప్పయ్యరు ఊరైన తిరువొత్తియూరున వెలసిన త్రిపురసుందరిమీద ఆయన కృతులున్నవి.

మేము పోయిన ఒక సభలో నా ప్రక్కన డెబ్బదియేండ్లు దాటిన ఒక పెద్దమ్మగారు కూర్చుండియుండిరి. ఒడిలో పాతబడిన ఒక చేతివ్రాత పుస్తకము. గాయని కృతి ఎత్తుకొన్న వెంటనే ఆమె ఆ పుట తీసి వ్రేలితో అనుసరించుచుండిరి. నేను ఓరగా చూచితిని. తెలుగు కృతి అరవలిపిలో వ్రాసియున్నది; ఆ లిపిలో క, ఖ, గ, ఘలకు వేరువేరు అక్షరములు లేవు గనుక అవసరమైన అక్షరముల మీద రెండు, మూడు, నాలుగు అని చిన్న అంకెలు వేసికొనియుండిరి. మన పిల్లలు ఒత్తులు పలుకుటకు బద్ధకించు కాలమున, తన లిపిలో లేని ఒత్తును అంకె వేసి కాపాడుకొన్న ఆ శ్రద్ధను చూచి నాకు కండ్లు చెమర్చినవి.

తనియావర్తనము ముగిసి జనము క్యాంటీను వైపు కదలుచుండగా ఆమె మాతో మాట కలిపిరి. పాటలవలనను, పూర్వము ప్రక్కయింట నుండిన నెల్లూరువారివలనను నేర్చిన తెలుగు.

“ఏ ఊరమ్మా మీది?”

“గుంటూరండీ. నిన్న ఎగ్మూరు మ్యూజియానికి వెళ్లొచ్చాం” అనెను మా ఇంటావిడ.

“అమరావతి రాళ్లు చూశారా? బడిలో ఉన్నప్పుడు మమ్మల్ని వరసగా నిలబెట్టి తీసుకుపోయేవాళ్లు. ఆ ఏనుగు నాకు ఇప్పటికీ గుర్తు. అవి వచ్చిన చోటు ఒక్కసారి చూడాలని ఉంది. అక్కడ ఇంకా ఏమైనా ఉందా?”

నేను మహాచైత్యపు దిబ్బను గూర్చియు, దానికి చేరువనున్న పురావస్తుశాఖవారి మ్యూజియమును గూర్చియు, కృష్ణ ఒడ్డున అమరేశ్వరుని గుడిని గూర్చియు చెప్పితిని. సెంట్రల్‌లో బండి ఎక్కి విజయవాడలో దిగినచో అక్కడినుండి బస్సులున్నవని కూడ చెప్పబోవుచుండగా మా ఇంటావిడ అడ్డువచ్చెను.

“బస్సులెందుకండీ! గుంటూరులో మా ఇంట్లో దిగండి, మేమే తీసుకెళ్తాం. పొద్దున బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేయొచ్చు. ఎండాకాలం మాత్రం వద్దమ్మా, మా ఎండలు మీరు తట్టుకోలేరు. సంక్రాంతి వెళ్లాక రండి, మాఘమాసంలో.”

ఆమె పుస్తకములో చివరి పుట తీసి, మా వీధి పేరును ఇంటి నంబరును అడిగి వ్రాసికొనిరి.